బీరువాలో లేని పుస్తకానికి సంతకం

ప్రభుత్వం కొనే సరుకును తనిఖీ చేసే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మోత్కూరులో మా ఇంటికి వస్తుంటారు. నా అనుభవం కోసం వస్తారని నేను అనుకుంటాను. మా ఇల్లు బస్టాండుకు దగ్గర కాబట్టి, బస్సు తప్పినప్పుడు వస్తారని మా ఆవిడ అంటుంది. ఏదైనా కానీ, చాయ్ తాగుతూ అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఈ ఉద్యోగంలో ముందు ఏం నేర్చుకోవాలె?"

ఉత్తరాల్లో ఏ పుస్తకం పేరు రాసి జనాన్ని భయపెడుతున్నారో, ఆ పుస్తకాన్ని ముందు మీరు చదవండి అంటాను. వాళ్లు నవ్వుతారు. చదవకుండా ఎవరైనా ఉద్యోగం చేస్తారా సార్ అంటారు.

నేను చేశాను. దాని సంగతే రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాల శాలువాలు ఇందులో ఉండవు. ఒక గొంగడి ఉంటుంది, ఒక పుస్తకం ఉంటుంది, నేను చేసిన ఒక తప్పు పని ఉంటుంది.

రూలులో మూడు వాక్యాలు

హాస్టళ్లకు కంబళ్లు కొనాలనుకోండి. ఆ కంబళి ఎలా ఉండాలో రూలులో ఉండదు. బయటి సంస్థవాళ్లు నిపుణులను కూర్చోబెట్టి ఒక ప్రమాణాల పుస్తకం అచ్చువేస్తారు. మన రూలు దాన్ని వేలు పెట్టి చూపిస్తుంది, అంతే. మొదటి వాక్యం: సరుకు ఫలానా పుస్తకం, ఫలానా సంవత్సరపు ముద్రణలో చెప్పినట్టు ఉండాలి. రెండో వాక్యం: ఆ పుస్తకాన్ని ఈ రూలులో భాగంగానే భావించాలి. మూడో వాక్యం: ఎవరు అడిగినా చూపించడానికి దాని ప్రతి ఒకటి జిల్లా ఆఫీసులో ఉంచాలి.

పద్ధతి మంచిదే. మేకు నుంచి మంచం దాకా అన్నిటి కొలతలూ ప్రభుత్వమే రాసుకుంటూ కూర్చుంటే ఏ రూలూ పూర్తికాదు. మొదటి రెండు వాక్యాలూ నాకు నోటికి వచ్చు. మూడోది కూడా చదివాను. అది ఎవరో ఇంకొకరి పని అనుకున్నాను.

ఏడో వరుస

ఎనభైల మొదట్లో నన్ను మహబూబ్‌నగర్ జిల్లా ఆఫీసుకు ఇన్‌స్పెక్టరుగా వేశారు. నాకు చార్జి అప్పగించిన పెద్దమనిషి అప్పటికే సంచి భుజాన వేసుకొని నిలబడ్డాడు. చార్జి లిస్టు నా ముందు పెట్టాడు. త్రాసు ఒకటి. బాట్లు ఒక సెట్టు. కిరోసిన్ స్టవ్వు ఒకటి. కుర్చీలు ఆరు. బీరువా ఒకటి. బీరువా తాళం చెవి ఒకటి. ఏడో వరుసలో, ప్రమాణాల పుస్తకం ఒకటి.

కుర్చీలు ఐదే కనిపించాయి. ఆ మాట అన్నాను.

"ఆరోది రిపేరుకు పోయింది," అన్నాడాయన. "సంతకం పెట్టు యాదగిరీ, నా బస్సుకు టైమైంది."

"పుస్తకం ఏది సార్?"

"బీరువాల ఉంటది. నేను వచ్చినప్పుడు గూడ గిట్లనే పెట్టిన సంతకం. నాకంటె ముందాయన గూడ గిట్లనే పెట్టిండు."

మా శాఖలో అది మర్యాద. పెద్దవాడి ఎదుట కుర్చీలు లెక్కపెడితే ఆయన కుర్చీ ఎత్తుకుపోతున్నాడని అన్నట్టే. సంతకం పెట్టాను. ఆయన బస్సు అందుకున్నాడు. తాళం చెవి కూడా చేతికి రాలేదని మరునాడు గుర్తొచ్చింది.

మరి ఇన్నేళ్లూ తనిఖీలు ఎలా జరిగాయి? నా టేబులు అద్దం కింద ఒక కాగితం ఉండేది. ఎవరో ఎప్పుడో టైపు చేసిన దానికి కార్బన్ కాపీకి కార్బన్ కాపీ. అందులో నాలుగు లైన్లు: ఉన్ని కంబళి బరువు తగ్గరాదు. వెంట్రుకలు రాలరాదు. నీళ్లలో ఉడికిస్తే రంగు దిగరాదు. అంచు కుట్టి ఉండాలి. ఇవి పుస్తకంలో ఏ పేజీలోవో, ఏ రకం కంబళి గురించో ఆ కాగితం చెప్పదు. నేనూ అడగలేదు. సరుకు వాపసు పంపేటప్పుడు మాత్రం ఉత్తరంలో పుస్తకం పేరు, దాని నంబరు, ముద్రణ సంవత్సరం పూర్తిగా రాసేవాణ్ని. పేరు పొడుగ్గా ఉండేది. అది రాస్తే ఉత్తరం బరువుగా కనిపించేది.

గొర్రెకు నోటీసు

కురుమ మల్లయ్యది మహబూబ్‌నగర్ నుంచి రెండు బస్సులు మారితే వచ్చే ఊరు. ఆ ఊరి గొంగళ్లు నేసేవాళ్ల సంఘానికి ఆయన పెద్ద. వాళ్లకు ఇరవై మగ్గాలు. గొర్రెలు వాళ్లవే, ఉన్ని వాళ్లదే, వడికేది ఇంట్లో ఆడవాళ్లే. హాస్టళ్లకు గొంగళ్లు ఇచ్చే ఆర్డరు దొరికితే ఏడాదంతా మగ్గాలు ఆడతాయి. దొరకకపోతే సగం మంది ఎక్కడో కాలువలు తవ్వడానికి వలస పోవాలి.

మొదటి సరుకుతో మల్లయ్యే స్వయంగా వచ్చాడు. తలకు రుమాలు, చంకలో గొంగళ్ల కట్ట, నడుముకు ఉన్ని వడికే కదురు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దవాడు. నేను కాగితం చూసి స్టవ్వు వెలిగించాను. గొంగడి మూల నుంచి జానెడు ముక్క కోసి, గిన్నెలో నీళ్లు పోసి ఉడకబెట్టాను.

నేసిన గొంగడికి చింతగింజల గంజి పెడతారు. దాంతోనే అది బిగిసి గాలినీ వాననూ ఆపుతుంది. ఈ సంగతి పాలమూరులో గొర్రెలకు కూడా తెలుసు. మా ఇంట్లోనూ గొంగళ్లుండేవి కాబట్టి నాకూ తెలుసు. కానీ అద్దం కింద కాగితంలో గంజి మాట లేదు. అందుకని ఆ రోజు నేను తెలియనివాడిలా ఉన్నాను.

నీళ్లు చిక్కబడ్డాయి. నల్లటి నురగ పొంగింది. వాసన వరండా దాటింది. మా అసిస్టెంట్ డైరెక్టర్ నరహరి గారు తన గదిలోంచి తల బయటికి పెట్టారు.

"ఏం వండుతున్నవ్ యాదగిరీ? ఇంకా అన్నం టైము కాలే గదా?"

"గొంగడి సార్."

"ఉడికిందా?"

నేను జవాబు చెప్పేలోగా మా రికార్డులు చూసే గౌస్ సాబ్ గిన్నెలోకి తొంగి చూశాడు. "ఇంక జర ఉప్పు పడాలె సార్," అన్నాడు.

అందరూ నవ్వారు. మల్లయ్య నవ్వలేదు. నేను రిజిస్టరులో "రంగు దిగినది" అని రాశాను.

"సారూ, రంగు నేనెయ్యలే," అన్నాడు మల్లయ్య. "గొర్రె పుట్టుడే నల్లగ పుట్టింది. గిన్నెల దిగింది గంజి, దుమ్ము."

"రూలు ప్రకారం దిగిందంటె దిగినట్టే మల్లయ్యా."

"అట్లయితె నోటీసు గొర్రెకు రాయుండ్రి. నేను తీస్కపోయి ఇస్త."

రెండోసారి సరుకు తెచ్చినప్పుడు కాగితంలోని రెండో లైను పట్టుకున్నాను. గొంగడిని తెల్లగుడ్డ మీద దులిపాను. వెంట్రుకలు రాలాయి. గొంగడి దులిపితే మల్లెపూలు రాలతాయా? అయినా ఒక్కొక్కటీ ఏరి కాగితం మీద పెట్టి లెక్కపెట్టాను.

మల్లయ్య కాసేపు చూశాడు. "గొంగట్ల కూసొని బువ్వ తినుకుంట ఎంటికలు ఏరొద్దని మా నాయిన చెప్తుండె," అన్నాడు. "గా పనికి సర్కారు జీతం గూడ ఇస్తదని ఆయనకు తెల్వదు పాపం."

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో రాసిన ఉత్తరం ఇప్పటికీ గుర్తుంది. పుస్తకం పేరు అందులో రెండుసార్లు రాశాను. మూడోసారి కూడా సరుకు వాపసయితే సంఘం పేరు సరఫరాదారుల జాబితాలోంచి తీసేస్తామని కింద హెచ్చరిక పెట్టాను. అది రూలులో ఉన్నదే. పేరు ఒకసారి పోతే మళ్లీ ఎక్కడం జరగని పని.

ఎవరు అడిగినా

వారం తిరగకముందే మల్లయ్య నా ఉత్తరం పట్టుకొని వచ్చాడు.

"సారూ, ఇండ్ల ఏదో బుక్కు పేరు రాసిన్రు. మా ఊరి పంతులు రూలు గూడ సదివి చెప్పిండు. గా బుక్కు రూలుల భాగమేనట. జిల్లా ఆఫీసుల ఎవలొచ్చి అడిగినా సూపియ్యాలెనట. జర సూపియ్యుండ్రి. ఏం తప్పు జేస్తున్నమో తెలిస్తె మూడోపారి సక్కగ నేస్తం."

రూలులోని "ఎవరు అడిగినా" అన్న మాటలో మల్లయ్య కూడా ఉంటాడని నాకు అప్పటిదాకా తట్టలేదు.

"పుస్తకం బైండింగుకు పోయింది. వచ్చే సోమవారం రా," అన్నాను.

సోమవారం వచ్చాడు. నరహరి గారి దగ్గర ఉందన్నాను. ఆ తర్వాతి సోమవారం ఆడిట్‌వాళ్లు చూస్తున్నారన్నాను. ఆ పై సోమవారం మళ్లీ బైండింగుకు పంపాను. ప్రతిసారీ మల్లయ్య వరండా బెంచీ మీద కూర్చొని, కదురు తీసి ఉన్ని వడికేవాడు. సాయంత్రానికి వరండా అంతా ఉన్ని పీచు. ఒకసారి లోపలికి తల పెట్టి అన్నాడు: "సారూ, మీ బైండింగు అయ్యేలోపు నాది ఇంకొక గొంగడి అయితది."

ఆ రోజు ఆయన వెళ్లాక గౌస్ సాబ్‌ను పిలిచాను. "గౌస్ సాబ్, బీరువా తాళం ఏడ దొరుకుతది?"

ఆయన జేబులోంచి తీసి టేబులు మీద పెట్టాడు. "ఇగో సాబ్."

"నీ దగ్గరున్నదా? మరి చెప్పలేదేంది?"

"ఎవ్వలు అడగలే సాబ్."

బీరువా తెరిచాం. పాత క్యాలెండర్లు, ఒక ఫ్యాను రెక్క, విరిగిన కుర్చీ చెయ్యి ఉన్నాయి. రిపేరుకు పోయిన ఆరో కుర్చీలో మిగిలింది అదేనేమో.

"పుస్తకం ఎటుపోయింది?"

"ఏ పుస్తకం సాబ్? నేను నౌకరిల చేరినకాడి నుంచి గిండ్ల పుస్తకమే లేదు. సంతకాలు పెడుతుంటె చూస్తున్న. పెద్దోళ్లు, ఏదో తెలిసే పెడుతున్నరనుకున్న."

ఇక్కడ కొత్తవాళ్లు ఆగి చదవాలి. అప్పుడు నేను చేయాల్సింది చాలా చిన్న పని. మా ఆఫీసులో పుస్తకం లేదు, ఒక ప్రతి పంపండి అని హైదరాబాదుకు ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. కానీ పుస్తకం లేదని రాస్తే ఎవరు పోగొట్టారని విచారణ వస్తుంది. చిట్టచివరి సంతకం నాది. ఆ ఒక్క భయంతో ఇరవై మగ్గాల సంగతి పక్కన పెట్టేశాను. మూడో సరుకు గడువు దగ్గర పడుతోంది. ఆ సంఘం గడువులోగా సరుకు తేలేకపోతే బాగుండును, నా మీదికి రాకుండా పోతుంది అని కూడా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

పాతదానితోనే కొట్టిండు

తర్వాతి రెండు సోమవారాలు మల్లయ్య రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. మూడో సోమవారం మూడో సరుకుతో దిగాడు. చంకలోని గొంగడి మడత విప్పితే నీలం అట్ట పుస్తకం బయటపడింది. టేబులు మీద, సరిగ్గా ఆ కాగితం ఉన్న అద్దం మీద పెట్టాడు.

"మీ బుక్కు బైండింగు నుంచి వచ్చేటట్టు లేదని నేనే తెచ్చిన సారూ."

అప్పుడే నరహరి గారు గదిలోంచి వచ్చి, "ఏంది మల్లయ్యా, ఏడ దొరికింది నీకిది?" అని అడిగారు.

"గొర్ల లారీల పట్నం పోయిన సారూ. సారు రాసిన కాయిదం సూపిచ్చుకుంట అయిదు ఆఫీసులు తిరిగిన. ఆఖరుకు బుక్కులు అమ్మేకాడ ఒక పిలగాడు ఉన్నడు. ఇది పాతది తాతా, కొత్త అచ్చు వచ్చింది, కొత్తది తీస్కపో అన్నడు. కొత్తది నాకెందుకు బిడ్డా, సారు నన్ను కొట్టింది పాతదానితోనే, గా పాతదే ఇయ్యి అన్న. ఎనుక రూముల నుంచి దుమ్ము దులిపి ఇచ్చిండు."

నరహరి గారు పుస్తకం తిరగేసి ముద్రణ సంవత్సరం చూశారు. తర్వాత నా ఉత్తరంలోది చూశారు. రెండూ ఒకటే. "శభాష్," అన్నారు. "యాదగిరీ, ఇది విన్నవా? రూలు ఏ ముద్రణ పేరు చెప్పిందో అదే రూలు. పుస్తకం రాసేటోళ్లు రేపు ఇంకోటి అచ్చేసుకుంటరు. రూలు మార్చేదాక అది మనది కాదు. మన ఆఫీసుల ఈ సంగతి తెలిసినాయన ఒక్కడే ఉన్నడు, ఆయన మన ఆఫీసోడు కాదు."

తర్వాత అసలు ప్రశ్న అడిగారు. "సరే, నువ్వు గొంగడి ఉడికించింది ఏ పేజీ ప్రకారం?"

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను నిలబడే పేజీలు తిప్పాను. అద్దం కింది నాలుగు లైన్లూ దొరికాయి. అవి దవాఖానల్లో రోగులకు కప్పే, మిల్లులో నేసిన ఎర్ర కంబళ్ల గురించి. రోగి మారినప్పుడల్లా ఉడకబెట్టి ఉతకాలి కాబట్టి వాటి రంగు దిగకూడదు. ఎవరో ఒకప్పుడు దవాఖాన కంబళ్ల కోసం రాసుకున్న చీటీని మా ఆఫీసు కంబళ్లన్నిటికీ వాడుకుంటూ వచ్చింది.

మల్లయ్య ఊరి పంతులు ఒక పేజీ మూల మడిచి పెట్టాడు. నరహరి గారు అది తెరిచి, మల్లయ్యకు అర్థమయ్యేట్టు తెలుగులో చదివారు. చేత్తో వడికిన, రంగు వేయని నాటు ఉన్ని కంబళ్లకు ఉడికించే పరీక్ష లేదు. గంజి దిగడం లోపం కాదు. కొన్ని వెంట్రుకలు రాలడం లోపం కాదు. నాలుగు మూలలా కట్టి, మధ్యలో నీళ్లు పోసి, అరగంట దాకా కింద చుక్క పడుతుందో లేదో చూడాలి.

నాలుగు కుర్చీలు తెచ్చి గొంగడి కట్టాం. ఐదో కుర్చీలో నరహరి గారు కూర్చున్నారు. ఆరోది లేదు కాబట్టి నేను నిలబడ్డాను. గౌస్ సాబ్ కుండెడు నీళ్లు పోశాడు. గొంగడి మధ్యలో చిన్న కుంటలా నిలిచాయి. గౌస్ సాబ్ నమాజుకు పోయి వచ్చాడు. అరచెయ్యి గొంగడి కింద పెట్టి చూశాడు. తడి తగల్లేదు.

"సూఖా సాబ్. బిల్కుల్ సూఖా."

"మరి నీళ్లు ఎట్ల తీస్తం?" అన్నారు నరహరి గారు.

అది పుస్తకంలో లేదు. విప్పబోతే కుర్చీ జారి, నీళ్లన్నీ నా కాళ్ల మీద పడ్డాయి. మూడు పరీక్షల్లోనూ మల్లయ్య నవ్వింది అప్పుడొక్కసారే.

సరుకు పాసయింది. సంఘం పేరు జాబితాలో నిలిచింది. కానీ నేను ఫైలులో ఏం రాశానో చూడండి: "సంఘం వారు ఈసారి సరుకు నాణ్యతను మెరుగుపరిచారు." అలా రాస్తే మొదటి రెండుసార్లు నేను చేసింది తప్పు కాకుండా పోతుంది. నరహరి గారు చదివి నా వైపు చూశారు. సంతకం పెట్టారు. ఆయన మంచి అధికారే. అయితే తప్పును ఎత్తిచూపడం ఆయనకు సరదా, ఎత్తి రాయడం కాదు. ఆ రోజు ఆయన గట్టిగా ఒక మాట అని ఉంటే అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అనాల్సిన మాట మాత్రం నాది.

ఆ వాక్యాన్ని గౌస్ సాబ్ మల్లయ్యకు చదివి వినిపించాడు. "మెరుగయిందా?" అన్నాడు మల్లయ్య. "గదే గొర్రె, గదే మగ్గం, గదే గంజి. మీ రెండు కాయిదాలు జూసి నలుగురు మగ్గాలిడిసి కాలువ పనికి పోయిన్రు సారూ. వాళ్లకేమని చెప్పాలె? గొర్రె మెరుగయింది, మర్లి రాండ్రి అనాల్నా?"

నేను ఫైలు మూసి దారం కట్టాను.

నేను అంటించిన చీటీ

వెళ్లేటప్పుడు మల్లయ్య పుస్తకం టేబులు మీదే వదిలాడు. "సూసుకొని ఇయ్యుండ్రి సారూ. పంతులు ఇంకోపారి సదువుతనన్నడు."

"రెండు రోజుల్ల ఇస్త," అన్నాను.

పుస్తకం మొదటి పేజీలో పంతులు చేతిరాతతో ఉంది: "ఈ పుస్తకం కురుమ మల్లయ్యది. చూసుకొని తిరిగి ఇవ్వగలరు." సాయంత్రం అందరూ వెళ్లాక నేను మైదా జిగురు తెప్పించాను. మా ఆఫీసు పేరు, వరుస సంఖ్య ఏడు అని ఉన్న చీటీని సరిగ్గా ఆ రాత మీద అంటించాను. పైన ముద్ర కొట్టాను. పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎన్నేళ్లుగానో అందరూ సంతకాలు పెడుతూ వచ్చిన ఏడో వరుస ఆ సాయంత్రం నిజమైంది.

మల్లయ్య మూడుసార్లు అడిగాడు. నేను బైండింగు అన్నాను. నాలుగోసారి అడగలేదు.

తర్వాత నన్ను నల్లగొండకు మార్చారు. నా తర్వాత వచ్చినాయన లిస్టు చూడకుండా సంతకం పెట్టాడు. నాకు హాయిగా అనిపించింది. నల్లగొండలో నాకు పుస్తకాల మనిషినని పేరొచ్చింది. చౌటుప్పల్ దగ్గర ఇనుప బకెట్లు చేసే సలీం అనే ఆయన సరుకును మా కింది ఉద్యోగి కొత్త ముద్రణ చూసి వాపసు పంపాడు. రూలులో ఉన్నది పాత ముద్రణ అని నేను చెప్పి ఆపాను. సలీం సంతోషించి, "సార్, ఇది మీకు ఎవరు నేర్పిన్రు?" అని అడిగాడు. ఒక పెద్దమనిషి అన్నాను. ఆ పెద్దమనిషి పుస్తకం నా జిగురు కింద ఉందని చెప్పలేదు.

ఉద్యోగం చివర్లో మళ్లీ మహబూబ్‌నగర్ వచ్చాను. చార్జి లిస్టు వచ్చింది. ఏడో వరుస చూశాను, బీరువా చూడలేదు. అదే పుస్తకానికి రెండోసారి కూడా చూడకుండానే సంతకం పెట్టాను.

సంతకం పెట్టని అమ్మాయి

తొంభైల నడుమ నేను రిటైరయిన రోజు నా చార్జి తీసుకోవడానికి సుజాత అనే అమ్మాయి వచ్చింది. మొదటి పోస్టింగు. నేను సంచి భుజాన వేసుకొనే ఉన్నాను. లిస్టు ముందు పెట్టి, "సంతకం పెట్టమ్మా, నా బస్సుకు టైమైంది," అన్నాను.

"ఒక్క నిమిషం సార్," అని ఆ అమ్మాయి కుర్చీలు లెక్కపెట్టింది.

కుర్చీలు ఐదు. ఆరోది లేదని రాసుకుంది. త్రాసు చూసింది, స్టవ్వు చూసింది. బీరువా తెరిపించింది. పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పింది. పదకొండేళ్లలో జిగురు ఎండిపోయింది. చీటీ ఆమె చేతిలోకి ఊడి వచ్చింది.

"సార్, మల్లయ్య ఎవరు?"

చెప్పాను. మొత్తం చెప్పాను. నీళ్లు కాళ్ల మీద పడ్డ దగ్గర నవ్వింది, చీటీ దగ్గర నవ్వలేదు.

"రూలు పోయిన సంవత్సరమే కొత్త ముద్రణకు మారింది కద సార్. అది నేను తెప్పించుకుంట. ఇది ఆఫీసుది కాదు, దీనికి నేను సంతకం పెట్టలేను. ఆయనకు ఇచ్చి, ముట్టినట్టు రశీదు తెచ్చిస్తరా?"

నా సర్వీసులో ఆ లిస్టు మీద సంతకం పెట్టనన్న మనిషి ఆమె ఒక్కతే. ఆ రోజు బస్సు పోయింది. కూర్చొని పాత ఫైలు తెప్పించుకొని, మొదటి రెండుసార్లు ఆ సంఘం సరుకు బాగానే ఉందని, సంబంధం లేని పరీక్ష చేసి వాపసు పంపింది నేనని, పొరపాటు నాదని ఒక కాగితం రాసి సంతకం పెట్టాను. ఒక నకలు జేబులో పెట్టుకున్నాను.

రశీదు

మరునాడు రెండు బస్సులు మారి ఆ ఊరు వెళ్లాను. మల్లయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చొని కదురు తిప్పుతున్నాడు. చూపు తగ్గింది, చెయ్యి ఆగలేదు. ఇరవై మగ్గాల్లో మూడే మిగిలాయట. మిల్లు దుప్పట్లు చవకగా వచ్చి కొన్ని పోయాయి, అంతకుముందే కాలువ పనికి పోయిన ఆ నలుగురూ తిరిగి రాక నాలుగు పోయాయి. ఆ నాలుగూ నా లెక్కలోవే.

పుస్తకం చేతిలో పెట్టాను. తడిమి చూసి గుర్తుపట్టాడు.

"పదకొండేండ్లు సదివినవా సారూ? గంత పెద్దదా ఇది?"

ఆయన భార్య ఈరమ్మ గడప లోపలి నుంచి అంది: "బైండింగు మంచిగ జేపిచ్చిండా లేదా చూడు."

నకలు కాగితం చదివి వినిపించాను. పొరపాటు నాదేనన్న లైను దగ్గర కదురు ఆగింది.

"మల్లా ఒక్కపారి సదువు," అన్నాడు. చదివాను. "గా నలుగురిల ఇద్దరు లేరు సారూ," అన్నాడు. "తక్కినోళ్లు దసరాకు వస్తరు. పంతులుతోని సదివిపిస్త." కాగితం మడిచి రుమాలులో పెట్టుకున్నాడు.

పుస్తకం అందినట్టు రశీదు రాసి, ముద్ర వేసే ఇంకు డబ్బా తెరిచి ముందు పెట్టాను. "వేలిముద్ర ఎయ్యి మల్లన్నా."

"ఉండు," అన్నాడు. పుస్తకం ఒళ్లో పెట్టుకొని, కళ్లకు దగ్గరగా పట్టి, ఒక్కొక్క పేజీ తిప్పడం మొదలుపెట్టాడు.

"నీకు సదువ రాదు గదా, ఏం జూస్తున్నవ్?" అంది ఈరమ్మ.

"సదువ రాకుంటె? అన్ని పేజీలు ఉన్నయా లేవా సూడొద్దా? గిన్నేండ్లు సర్కారు కాడ ఉన్నది."

ఊరి మలుపులో బస్సు హారన్ వినిపించింది. సాయంత్రానికి అదే ఆఖరుది. మల్లయ్య తల ఎత్తాడు.

"సారూ, నీ బస్సు పోతది గావచ్చు."

"పోనీ మల్లన్నా. నువ్వు చూడు," అన్నాను.

ఆయన చూశాడు. పంతులు మూల మడిచిన పేజీ దగ్గర కాసేపు ఆగి, ఆ మడత విప్పి, వేలితో రుద్ది సాపు చేశాడు. చివరి అట్ట దాకా తిప్పాడు. అప్పుడు బొటనవేలు ముందుకు చాపాడు.